ఆ రింగు తిప్పకండి

పోయినవాళ్ల వస్తువులు కాజేసేది ఎప్పుడూ సొంతవాళ్లే. బయటి దొంగకు వాటి విలువ తెలియదు. గడియారాల మేస్త్రి కుర్చీలో కూర్చోకముందే ఈ మాట అన్నాడు, రెండు రెళ్లు నాలుగు అన్నంత మామూలుగా.

"కాజేసిందెవరో మీకే తెలిస్తే ఇక నాతో పనేముంది?" అన్నాడు డిటెక్టివ్.

"కాజేసింది మా బామ్మర్ది. అది తేలిపోయింది. తిరిగి నా నోటిదాకా వచ్చినదాన్ని లాక్కున్నది ఎవరో మీరు తేల్చాలి."

ఆ వీధిలో డిటెక్టివ్‌ను అందరూ ఆరాగారు అంటారు. ఎవరైనా నమస్కారం పెడితే, ఎందుకు పెట్టారని ఆరా తీసే రకం. ఆయన దగ్గర టైపిస్టుగా చేరిన అమ్మాయి ఇప్పుడు సగం డిటెక్టివ్. మనిషి అబద్ధం చెప్పేటప్పుడు నోటిని కాదు, మోకాళ్లను చూడాలని ఆయన దగ్గరే నేర్చుకుంది. మేస్త్రి మోకాళ్లు కదలలేదు.

"మొదటినుంచీ చెప్పండి మేస్త్రిగారూ," అంది.

"మా ఇల్లు మేడ మీద. కొట్టు వీధికి అవతలి పక్క. మోకాళ్లు పట్టేశాక మా ఆవిడ మెట్లు దిగలేదమ్మా. కిటికీ దగ్గర కూర్చుని దుర్భిణిలో చూస్తుండేది."

"పిట్టలనా?"

మేస్త్రి తన అరచేతులు చూసుకున్నాడు. "నన్ను. సాయంత్రం ఇంటికెళ్తే, ఇవాళ టీ చల్లారబెట్టుకుని తాగారేం అని అడిగేది. ఓసారి స్ప్రింగు కిందపడి నేను బల్ల కింద దేవులాడుతుంటే ఫోన్ చేసింది. మీ ఎడమ చెప్పు పక్కనే ఉంది చూడండి అని."

టైపిస్టు నవ్వబోయి ఆగింది.

"ఆవిడకి రెండు కళ్ల చూపూ ఒకటి కాదు. దుర్భిణికి కుడికంటి దగ్గర ఓ రింగుంటుంది. దాన్ని తన చూపుకి సరిపెట్టుకుని, కదలకుండా ఎర్ర గోళ్లరంగు పూసేసింది. ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. సొంత తమ్ముడు చూడాలన్నా కుడికన్ను మూసుకుని చూడాల్సిందే. ఆ రింగు ఎవడైనా తిప్పాడా, ఇక ఆవిడ చూపు పోయినట్టే. గడియారమైతే నేను మళ్ళీ సరిచేస్తాను. అది నావల్ల కాదు. కొన్నవాడు మొట్టమొదట చేసే పని ఆ రింగు తిప్పడమే."

ఆయనకు కావలసింది దుర్భిణి కాదని టైపిస్టుకు అప్పుడు అర్థమైంది. ఆవిడ చూసినట్టు ఒక్కసారి చూడాలి. అంతే.

మిగతాది మేస్త్రి ముక్కలు ముక్కలుగా చెప్పాడు. కర్మకాండలు అయిన రోజున బామ్మర్ది, అక్క గుర్తుగా ఉంచుకుంటానని దాన్ని పట్టుకుపోయాడు. ఏడాది తిరక్కుండా అది ఆన్‌లైన్ వేలంలో తేలింది. ఫొటోలో ఎర్రరంగు స్పష్టంగా కనిపిస్తోంది. ఆ రోజే మేస్త్రి బామ్మర్దికి ఫోన్ చేసి, నా గుమ్మం తొక్కితే కాళ్లు విరుగుతాయని చెప్పి పెట్టేశాడు. మేడ వెనక వాటాలో అద్దెకుండే కంప్యూటర్ కుర్రవాడు వేలంలో గెలిచే కిటుకు నేర్పాడు. గడువు ముగిసే ఆఖరి క్షణందాకా నోరు మెదపకూడదు. అప్పుడు ఒకే పాట, ఒకే దెబ్బ.

"క్షణాల సంగతి నాకొకడు చెప్పాలా? గోడ మీద గడియారాలన్నీ సరిచేసుకుని కూర్చున్నాను. సరిగ్గా ఆఖర్న కొట్టాను. నొక్కీ నొక్కగానే తెర మీద, మీకంటే పైపాట ఉంది అని వచ్చింది. నా అంకెకి ఒక్కటంటే ఒక్క మెట్టు పైన. రెప్ప వేసేలోగా గడువైపోయింది. నా అంకె చూసినవాడే పాడాడు. ఆ కుర్రవాడే. ఖాళీ చెయ్యమని చెప్పేశాను."

ఆరాగారు రెండే ప్రశ్నలు వేశాడు.

"మీ పాటకీ పైపాటకీ మధ్య ఎంత సందుంది?"

"సందేలేదు. రెండూ ఒకే క్షణం."

"వేలం నడిచినన్నాళ్లూ ఆ అమ్మేవాణ్ణి మీరు ఏమైనా అడిగారా?"

"పిచ్చా నాకు? మోజు చూపిస్తే ధర పెరుగుతుంది. ఆఖరిదాకా ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు."

అద్దెకున్న కుర్రవాడు అప్పటికే పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకుంటున్నాడు.

"అంకుల్ అంకె నేనెలా చూస్తానండీ? పరీక్షలో పక్కవాడు కాపీ కొడతాడన్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని కొట్టారు. మంచికి పోతే చెడు ఎదురైంది."

"ఆఖర్లోనే ఎందుకు పాడమన్నావు?" అంది టైపిస్టు.

"ముందే పాడితే ఎదుటివాడికి పంతమొస్తుంది మేడమ్. పెంచుకుంటూ పోతాడు. ఆఖర్న పాడితే వాడు తేరుకునేలోగా ఆట ముగుస్తుంది. తెలిసినవాడెవడూ ముందు నోరు విప్పడు."

దుర్భిణిని వేలానికి పెట్టిన పాతసామాన్ల వ్యాపారి కొట్టు ఊరి చివర ఉంది. కాళ్లు లేని కుర్చీలూ, కుర్చీల్లేని కాళ్లూ. వాటి మధ్య కూర్చుని ఇత్తడి దీపస్తంభం తోముతున్నాడు.

"ధర పెంచడానికి దొంగపేరుతో నువ్వే పాడుకున్నావా?" అన్నాడు ఆరాగారు.

"నా సరుకు నేనే కొనుక్కుంటే నాకు మిగిలేది బూడిదేనండీ. గెలిచిన మనిషి డబ్బు కట్టాడు. పార్సెల్ కౌంటర్లో ఇచ్చేశాను, కోడ్ చెప్పి పట్టుకుపోయాడు. పేరూ ఊరూ నాకు తెలీవు. ఆ వేలంలో పేర్ల బదులు చుక్కలే కనిపిస్తాయి."

"నీకెక్కడిది అది?"

"ఇళ్లు మారేవాళ్లు పడేసే అట్టపెట్టెలు టోకున కొంటాను. అడుగున ఏముందో వాళ్లకే తెలీదు."

"అంత మెరిపించి అమ్ముతావు కదా, ఆ ఎర్ర మరక తుడవలేదేం?"

"తుడుద్దామని థిన్నర్ సీసా మూత కూడా తీశాను. వేలానికి పెట్టిన పూటే ఎవరో మెసేజ్ పంపారు. దయచేసి ఆ రింగు తిప్పకండి, ఆ రంగు గీకకండి, ఎలా ఉంటే అలాగే ఉంచండి అని. మరకే కావాలంటే నాకేం? చాకిరీ తప్పింది."

ఆరాగారు ఇంకొకటి అడిగాడు. "ఆ వేలంలో ముందుగా పాడి పెట్టుకునే వీలుందా?"

"ఎందుకు లేదు? ఎంతదాకా పోతావో గుట్టుగా చెప్పి వదిలేయొచ్చు. ఎవరైనా పాడినప్పుడల్లా వాళ్లమీద ఒక్క మెట్టు పైన నీ తరఫున మిషనే పాడుతుంది. కానీ అలా చేసేవాళ్లు అమాయకులండీ. ఆటెరిగినవాడు చెయ్యడు."

బయటికొచ్చాక టైపిస్టు, "ఎవరో తెలిసిందా సార్?" అంది.

"తెలిసింది. చెప్పాలంటేనే బాధగా ఉంది," అన్నాడాయన.

మర్నాడు సాయంత్రం అందరూ మేస్త్రి మేడ మీద చేరారు. కిటికీ దగ్గర పేము కుర్చీ ఒకటి ఉంది. అందులో ఎవరూ కూర్చోలేదు. కుర్రవాడు గోడకు ఆనుకున్నాడు. వ్యాపారి అలవాటుకొద్దీ గోడ గడియారాలకు ధర కడుతున్నాడు. ఆఖర్న బామ్మర్ది వచ్చాడు. చెప్పులనిండా దుమ్ము, చంకలో గుడ్డసంచి. గుమ్మం బయటే ఆగిపోయాడు.

"లోపలికి రమ్మను," అన్నాడు మేస్త్రి గోడతో. "పిలిచింది నేను కాదు."

"బావా, బావున్నావా?"

"స్కూటరేదిరా? నడిచొచ్చావు?"

"లేదులే బావా."

టైపిస్టు మంచినీళ్లు ఇస్తే ఒంటిచేత్తో పుచ్చుకున్నాడు. సంచి మాత్రం కింద పెట్టలేదు. ఆయన మోకాళ్లు వణుకుతున్నాయి.

ఆరాగారు తన సంచిలోంచి వేరే దుర్భిణి తీసి, ఎదురుగా ఉన్న కొట్టు బోర్డు చదవమని ఒక్కొక్కరికీ ఇచ్చాడు. కుర్రవాడు చటుక్కున కుడివైపు రింగు తిప్పి చదివేశాడు. వ్యాపారి చూడకుండానే వెనకా ముందూ తిప్పి, "అద్దం మీద గీత ఉంది, పెద్దగా పలకదు," అన్నాడు. బామ్మర్ది దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. కుడికన్ను మూసుకుని, ఎడమ కంటితో చదివాడు. రింగు మీద వేలు పడలేదు.

ఆరాగారు దుర్భిణి వెనక్కి తీసుకున్నాడు.

"మేస్త్రిగారూ," అన్నాడు ఆరాగారు, "మీ పాటా పైపాటా ఒకే క్షణంలో పడ్డాయన్నారు. మనిషి అంకె చూసి, తన అంకె కొట్టి, నొక్కడానికి ఎంత లేదన్నా గుటక వేసేంత సేపు పడుతుంది. అంటే ఆ క్షణంలో ఎదుట మనిషి లేడు. మిషను ఉంది. ఎవరో ముందే గుట్టుగా చెప్పి పెట్టిన పాటను అది మీ పాట పడగానే ఒక్క మెట్టు పైకి జరిపింది. మీ అంకె ఎవరూ చూడనక్కర్లేదు. ఈ కుర్రవాడు నిర్దోషి."

కుర్రవాడు గట్టిగా ఊపిరి వదిలాడు. మేస్త్రి అతనివైపు చూడలేదు.

"అమ్మినవాడు తన సరుకు తానే కొనలేదు. కొని ఉంటే ఇంకా వాడి కొట్లోనే ఉండేది. మరి కొన్నదెవరు? ఆటెరిగినవాడైతే ముందు నోరు విప్పడు. కొన్న మనిషికి ఆట రాదు. పైగా మరక తుడవొద్దని వేడుకున్నాడు. ఆ మరక సంగతి మీకు తెలుసు. ఆవిడకి తెలుసు. రింగు ముట్టకుండా ఒంటికంటితో చూడటం అలవాటైన ఇంకొకరికి తెలుసు."

"వాడా?" అన్నాడు మేస్త్రి. "అమ్ముకున్నవాడు మళ్ళీ ఎందుకు కొంటాడు?"

"అమ్మలేదు బావా." బామ్మర్ది సంచి విప్పాడు. "ఇల్లు మారేటప్పుడు పాతబట్టల పెట్టెలో కలిసిపోయింది. ఎవరో ఎత్తుకుపోయారు. నీకు చెప్పే మొహం లేక రోజూ ఫోన్లో వెతికాను. కనిపించగానే నొక్కితే, ఎంతదాకా పోతారు అని ఆ వేలంలో అడిగింది. స్కూటర్ అమ్మితే ఎంతొస్తుందో ఆ అంకె వేసేశాను. ఆఖరిదాకా ఆగాలని నాకు తెలీదు. అడ్డొచ్చేది నువ్వేననీ తెలీదు. గెలిచాక తెచ్చిద్దామంటే గుమ్మం తొక్కొద్దన్నావు."

సంచిలోంచి దుర్భిణి తీసి బల్లమీద పెట్టాడు. ఎర్రరంగు చెక్కు చెదరలేదు.

ఆరాగారు లేచాడు. "ఇంకొక్క మాట చెప్పి వెళ్తాను. మీ పద్ధతిలో ఆయన కూడా ఆఖరిదాకా నోరు మూసుకుని ఉంటే, ఆ పూటే థిన్నర్‌తో రంగు పోయేది. రింగు తిరిగిపోయేది. మీరు గెలిచి ఇంటికి తెచ్చుకున్నది వట్టి గాజు ముక్కలు అయ్యుండేవి."

మేస్త్రి దుర్భిణి తీసుకుని వెళ్లి పేము కుర్చీలో కూర్చున్నాడు. అది కిర్రుమంది. కిటికీలోంచి వీధి అవతలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"మసగ్గా ఉందా మేస్త్రిగారూ?" అంది టైపిస్టు మెల్లగా. "మధ్యలో చక్రం తిప్పితే..."

"వద్దమ్మా. ఆవిడ చూపు ఎలా ఉందో అలాగే ఉండనీ."

"ఏం కనిపిస్తోంది బావా?"

"నా స్టూలు." కాసేపయ్యాక, "ఖాళీగా ఉంది," అన్నాడు.

మేస్త్రి జేబులోంచి తాళాలు తీసి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచాడు.

"ఒరేయ్. అవతలికెళ్లి కొట్టు తెరిచి ఆ స్టూలు మీద కూర్చో. దీపం వేసుకో. తల వంచుకుని కూర్చోవాలి, పనిచేస్తున్నట్టు."

బామ్మర్ది మెట్లు దిగడం వినిపించింది. అవతల కొట్లో దీపం వెలిగింది. దాని కింద మసక మసకగా ఒక మనిషి తల వంచుకుని కూర్చున్నాడు. మేస్త్రి రింగు ముట్టకుండా దుర్భిణిని కళ్లకు ఆనించుకున్నాడు.

వీధిలో చీకటి పడుతుండగా ఆయన దుర్భిణి దించాడు. కుర్రవాడితో, "పెట్టెలు విప్పుకో," అన్నాడు. ఆరాగారి ఫీజు బల్లమీద పెట్టాడు.

"మీ బామ్మర్దిని క్షమించినట్టేనా?" అంది టైపిస్టు ఉండబట్టలేక.

"పోగొట్టింది వాడేగా. క్షమించలేదు. వాడు వచ్చి చూసుకోవచ్చు, ఎడమ కంటితో." మేస్త్రి లేచి తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఈ సంగతి మాత్రం నా దగ్గర మళ్ళీ ఎవరూ ఎత్తొద్దు. వాడితో కూడా నేను మాట్లాడను దీని గురించి. మీతోనూ మాట్లాడను. బతికున్నన్నాళ్లూ మాట్లాడను."