పీపాకు రెండొందల కిలోలు

ల్యాబ్ కెమిస్ట్ కాఫీ రెండు గుక్కలు తాగాడు. మూడో గుక్కకి తల టేబుల్ మీద వాలిపోయింది. గుండెపోటని డాక్టర్ రాశాడు. కాదని హెడ్‌క్వార్టర్స్‌కి తెలుసు.

"విషం," అన్నాడు చీఫ్, సెక్యూర్ లైన్‌లో. "పాత నూనె బావుల్లోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి, అడుగున మిగిలిన నూనె లాగుతున్నారు కదా. పీపాకు మూడొందల కిలోల గ్యాస్ భూమిలో పాతిపెడుతున్నాం, ఇది క్లీన్ ఆయిల్ అని ఆ ఫీల్డ్ కంపెనీని నడిపే విదేశీ ముఠా ప్రచారం. అదే పీపాని తోడి, శుద్ధి చేసి, కాలిస్తే ఐదొందల కిలోలు గాల్లో కలుస్తాయని కెమిస్ట్ తేల్చాడు."

"అంటే రెండొందలు దాచేస్తున్నారు," అన్నాడు ఏజెంట్.

"రేపు పదకొండింటికి మంత్రిగారు సంతకం పెడతారు. ముప్పయ్యేళ్ళ ఒప్పందం. ఆ తర్వాత పొగ గొట్టాలని ఆపే దిక్కుండదు. ఆ రిపోర్ట్ కావాలి."

ఏజెంట్ ఎనిమిది నెలలుగా ఆ ఆయిల్ ఫీల్డ్‌లో మీటర్ మెకానిక్. క్వార్టర్స్‌లో అతనికొక భార్య కూడా ఉంది, డిపార్ట్‌మెంట్ కేటాయించిన భార్య. ఆమె కూడా ఏజెంటే. పైకి కంపెనీ దుబాసీ. ఆమె నడిచొస్తుంటే గార్డులు పాస్ అడగడం మరిచిపోయేవాళ్ళు.

రోజూ సాయంత్రం గుమ్మంలో అతను "కరెంటుందా?" అనేవాడు. "ఉంది" అనేది ఆమె. ఇంట్లో దొంగ మైకులు లేవని అర్థం. ఆపైన ఎవరి కంచం వాళ్ళది, ఎవరి గది వాళ్ళది. గోడ అవతల ఆమె దగ్గితే అతనికి మెలకువ వచ్చేది. మంచినీళ్ళు కావాలా అని ఒక్కసారీ అడగలేదు. అడగడం డ్యూటీలో లేదు.

ఆ మధ్యాహ్నమే ల్యాబ్‌లో ఖాళీ సిలిండర్ మూత కింద రిపోర్ట్ ఉన్న మెమరీ కార్డు దొరికింది. సాయంత్రం ఆమెకి చెప్పి, ఆమె చూస్తుండగానే చక్కెర డబ్బాలో దాచాడు.

దాచింది ఖాళీ కార్డు. ఈ వృత్తిలో కట్టుకున్న భార్యనే నమ్మరు, ఈమె కట్టుకోని భార్య. అయినా పొద్దున్న అది డబ్బాలోనే ఉండాలని మనసులో కోరుకున్నాడు.

పొద్దున్న కార్డు లేదు. ఆమె లేదు. బల్ల మీద ఫ్లాస్కులో వేడి కాఫీ ఉంది. ఎనిమిది నెలల్లో అతని కోసం ఆమె కాఫీ పెట్టడం అదే మొదలు. మూత తీసి వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. సింకులో పారబోశాడు.

పదీ యాభై ఎనిమిది. కాన్ఫరెన్స్ హాలు. ప్రొజెక్టర్ ఆపరేటర్ వేషంలో, గళ్ళ టోపీతో ఏజెంట్. మంత్రి పక్కన నీలం రంగు సిల్కులో ఆమె. తెర మీద 'క్లీన్ ఆయిల్' అన్న అక్షరాలు. మంత్రి పెన్ను కాగితానికి ఆనింది.

ఏజెంట్ చేతి గడియారం మీట నొక్కాడు. తెర మారింది. రెండు నిలువు గీతలు: లోపలికి మూడొందలు, బయటికి ఐదొందలు. కింద కెమిస్ట్ సంతకం.

"ఈ ఐదొందలేమిటి?" పెన్ను ఎత్తి అడిగాడు మంత్రి.

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. అప్పటికే ఏజెంట్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పిస్టల్ బ్యాగులోనే ఉండిపోయింది. ఆమెని అతను తాకడం అదే మొదటిసారి.

"కాఫీ తాగలేదా?" మెల్లగా అడిగింది.

"నువ్వూ కూర్చుంటే తాగేవాణ్ణి."

ఆమె తల తిప్పేసుకుంది. మంత్రి గార్డులు తీసుకెళ్ళారు. మంత్రి కాగితం పక్కకి నెట్టేశాడు.

పావుగంటకి ఫోన్.

"శభాష్," అన్నాడు చీఫ్. "రెండు వారాలు సెలవు. హాయిగా ఇంటికెళ్ళు."

ఏజెంట్ గళ్ళ టోపీ తీశాడు.

"అడ్రస్ కూడా మీరే ఇవ్వాలి, సార్."