ఇంకో ఫోన్‌లో తెరిచి ఉంది

బాగుచేసిన ఫోన్‌లో మైకు పనిచేస్తోందో లేదో చూడాలంటే లోకంలో అందరూ "హలో హలో" అంటారు. ఆ అక్కాతమ్ముళ్లు పనిచేసే రిపేరు షాపులో మాత్రం ఆట ఆడేవారు.

అది తమ్ముడు పెట్టిన పద్ధతి. తుపాకుల ఆట ఒకటుంది, నలుగురు జట్టుగా దిగి ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ ఆడేది. బాగైన ప్రతి ఫోన్‌లోనూ దాన్ని ఎక్కించి, తన సొంత ఖాతాతో లోపలికి వెళ్లి ఐదు నిమిషాలు ఆడేవాడు. తెర, స్పీకరు, మైకు, నెట్, బ్యాటరీ వేడి, అన్నీ ఒక్క దెబ్బతో తేలిపోతాయని వాడి వాదన. ఆ ఐదు నిమిషాలు కాస్తా అరగంట అయ్యేది. "పని పేరు చెప్పి ఆటలాడుతున్నావు కదరా" అని అక్క దెప్పేది. "ఆట పేరు చెప్పి పని చేస్తున్నానక్కా, నీకే అర్థం కావట్లేదు" అనేవాడు. పొద్దున పదింటికి కూడా ఆవలించే రకం కాబట్టి ఆటలో వాడి పేరు నిద్రమొహం. ఆ పేరు పెట్టింది అక్కే.

వాడు కనబడకుండా పోయి ఎనిమిది నెలలైంది. పద్ధతి మాత్రం పోలేదు.

అప్పట్లో షాపు అదే భవనంలో కింద సెల్లార్‌లో ఉండేది. ఆ వానల రోజు పక్కనున్న కాలువ తెగి నీళ్లు మెట్ల మీదుగా లోపలికి దూకాయి. సామానంతా పైకి చేరవేశాక అక్కకి గుర్తొచ్చింది. బస్సు డ్రైవర్ గారి ఫోన్ సొరుగులోనే ఉండిపోయింది. అందులో ఆయన కూతురి చిన్నప్పటి వీడియోలున్నాయి. పాడవకుండా చూడమ్మా అని పదిసార్లు చెప్పి వెళ్లాడాయన. "ఒరేయ్, ఒక్క పరుగున వెళ్లి తీసుకురా" అంది. వాడు వెళ్లాడు. రెండు నిమిషాలకి ఫోన్ చేశాడు. "దొరికిందక్కా. కానీ షట్టర్ జారి కిందికి పడిపోయింది. లోపల్నుంచి ఎత్తలేకపోతున్నాను."

"కదలకు. అక్కడే ఉండు. నేనొస్తున్నా" అంది.

ఆమె మెట్ల దగ్గరికి వెళ్లేసరికి నీళ్లు సగం మెట్లు మింగేశాయి. నలుగురు మగవాళ్లు పట్టుకుని వెనక్కి లాగారు. మూడు రోజులు మోటార్లు పెట్టి తోడాక షట్టర్ విరగ్గొట్టి చూస్తే లోపల ఎవరూ లేరు. ఎలాగో బయటపడి కాలువలో కొట్టుకుపోయి ఉంటాడన్నారు. శవం దొరకనప్పుడు బతికున్నట్టే కదా అంది అమ్మ. అక్క ఆ మాటనే గట్టిగా పట్టుకుంది. తలకి దెబ్బ తగిలి ఏ ఊళ్లోనో ఉండి ఉంటాడు, ఏదో ఒక రోజు ఆట గుర్తొస్తుంది, ఎవరి ఫోన్‌లోనైనా తెరుస్తాడు అనుకుంది. అందుకే వాడి ఖాతాని పగలూ రాత్రీ తెరిచే ఉంచేది. షాపులో బాగుచేసిన ఫోన్లలో, ఇంటికెళ్తే తన ఫోన్‌లో. వాడి పేరు పక్కన పచ్చచుక్క ఆరిపోకూడదని ఎనిమిది నెలలు కళ్లలో వత్తులేసుకుని కాపలా కాసింది.

ఆ మధ్యాహ్నం షాపులో ఆమె ఒక్కతే ఉంది. యజమాని బాబాయి విడిభాగాల కోసం బజారుకి వెళ్లాడు. కొత్త షాపు రెండో అంతస్తులో. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. సోల్డరింగు పొగ వాసన, ఫ్యాను చప్పుడు. ఎర్ర ఫోన్‌కి కొత్త మైకు అతికించి, మరలు బిగించి, ఎప్పటిలాగే ఆట తెరిచి తమ్ముడి ఖాతా వివరాలు కొట్టింది.

'ఈ ఖాతా ఇంకో ఫోన్‌లో తెరిచి ఉంది. అక్కడ మూసేసి ఇక్కడ తెరవాలా?'

ఈ ప్రశ్న ఆమెకి కొత్తేమీ కాదు. ఒక ఖాతా ఒకసారి ఒక్క ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. ముందు పరీక్షించిన ఫోన్‌లో మూయడం మరిచిపోయి ఉంటుంది, అంతే. రోజుకి ఐదారుసార్లు చూసేది, చదవకుండానే 'అవును' అని నొక్కేది. ఇప్పుడూ నొక్కేసింది.

నొక్కాక ఆమె చూపు బల్ల మీదికి వెళ్లింది. ముందు పరీక్షించిన ఫోన్ అక్కడే వెల్లకిలా పడి ఉంది. బ్యాటరీ ఊడదీసి అరగంటైంది. తన ఫోన్ చార్జింగ్ లేక పొద్దుటి నుంచీ ఆగిపోయి ఉంది.

మరి తెరిచి ఉన్నది ఎక్కడ?

ఇంతలో ఎర్ర ఫోన్ స్పీకర్లోంచి ఓ అమ్మాయి గొంతు విసుగ్గా వినబడింది. "మళ్లీ తోసేశారా అతన్ని? ఎవరండీ మీరసలు?"

తెర మీద ఆ అమ్మాయి పేరు పిడుగు అని ఉంది. తమ్ముడి జట్టులో మనిషి. ఏ ఊరో తెలీదు, మొహం ఎప్పుడూ చూడలేదు. ఇన్నాళ్లూ అక్క జట్టు మాటల జోలికి వెళ్లకుండా ఒంటరి ఆటలోనే మైకు పరీక్షించుకునేది. ఇవాళ పొరపాటున జట్టు మాటల గుర్తు మీద వేలు పడింది.

"ఎవర్ని తోశాను?" అంది అక్క.

"నిద్రమొహాన్ని. ఇప్పుడే మాట్లాడుతున్నాడు. మీరు రాగానే పోయాడు. ఎప్పుడూ ఇంతే. మీరు ఒక ఫోన్ మూసి ఇంకోటి తెరిచే సందులో ఓ అర నిమిషం వస్తాడు. గట్టిగా రెండు మాటలైనా మాట్లాడనివ్వరు."

అక్క ఖాతా లోపలికి వెళ్లి, ఏయే ఫోన్లలో తెరిచారో ఆ జాబితా చూసింది. అన్నిటికన్నా పైన ఎర్ర ఫోన్. దాని కింద, ఆ వానల రోజు తమ్ముడు తేవడానికి వెళ్లిన డ్రైవర్ గారి ఫోన్. ఒక్క నిమిషం క్రితం దాకా వాడుకలో ఉంది.

బతికే ఉన్నాడు. ఆ ఫోన్ వాడి దగ్గరే ఉంది. ఆమెకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ వెంటనే అసలు సంగతి తట్టింది. ఎనిమిది నెలలుగా వాడు రావాలని తాను తెరిచి ఉంచిన తలుపుతోనే వాణ్ణి బయటికి నెడుతూ వచ్చింది.

"ఏమంటాడమ్మా వాడు? ఎక్కడున్నానన్నాడు?"

"చీకటిగా ఉందంటాడు. వెనక నీళ్ల చప్పుడు. బాత్రూంలో కూర్చుని ఆడుతున్నావా అని ఏడిపించేదాన్ని." పిడుగు గొంతు తగ్గించింది. "అక్కడి నుంచి కదలొచ్చు కదా అంటే, అక్క వస్తానంది, కదలొద్దంది అంటాడు."

అక్క ఆ జట్టులో చేరే కోడ్ అడిగి రాసుకుంది. తమ్ముడి ఖాతా మూసేసింది. కొత్తగా పేరూ ఊరూ లేని ఖాతా ఒకటి తెరిచి, ఆ కోడ్‌తో జట్టులో చేరింది. తెర మీద నాలుగు గళ్లు. ఒకటి పిడుగుది, ఒకటి తనది, రెండు ఖాళీ. ఎండ ఇంకా బల్ల మీదే ఉంది. ఎవరో మెట్ల మీద నవ్వుకుంటూ వెళ్తున్నారు.

మూడో గడిలో పచ్చచుక్క వెలిగింది.

ముందు నీళ్ల చప్పుడు. గదిలో నిండిన నీళ్లు గోడలకి మెల్లగా కొట్టుకునే చప్పుడు. తర్వాత వణుకుతున్న పళ్లు.

"పిడుగూ... ఉన్నావా?"

ఆ గొంతు వినగానే అక్క బల్ల అంచు పట్టుకుంది. "ఒరేయ్. నేన్రా."

వాడు చిన్నపిల్లాడిలా అన్నాడు. "ఎంతసేపక్కా... వస్తానన్నావు."

"వస్తున్నాన్రా. ఎక్కడున్నావు? ఏ ఊళ్లో ఉన్నావు?"

"ఊరేంటక్కా. షాపులోనే ఉన్నాను. షట్టర్ ఎత్తలేకపోతున్నానని చెప్పాను కదా. గుండెల దాకా వచ్చాయి. చలేస్తోంది... చార్జింగ్ రెండే ఉంది."

తెలివిగా ఆలోచించేవాళ్లు అక్కడ ఫోన్ కింద పెట్టేస్తారు. ఆమె తెలివి ఎనిమిది నెలల కిందటే ఆ మెట్ల మీద ఆగిపోయింది. ఆ రోజు నలుగురు పట్టుకున్నారు. ఇవాళ పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. "ఉండు, వచ్చేస్తున్నా" అని ఎర్ర ఫోన్ చేత్తో పట్టుకుని పరిగెత్తింది.

సెల్లార్ తాళంచెవి వాచ్‌మన్ తాత దగ్గరుంటుంది. "అక్కడేముందమ్మాయ్?" అన్నాడాయన. "ఎండిపోయి ఎనిమిది నెలలైంది. ఎలుకలు కూడా లేవు."

"చిన్న సామాను ఉండిపోయింది తాతా."

"నా మోకాళ్లు దిగనివ్వవు. చూసుకుని వెళ్లు" అంటూ ఇచ్చాడు.

పద్దెనిమిది మెట్లు. ఆమె ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ దిగింది. పదో మెట్టు దగ్గర వెలుతురు ఆగిపోయింది. ఎర్ర ఫోన్ టార్చి వేసింది. గోడల మీద తల ఎత్తున బురద గీత. ఎండిన బురద వాసన, తుప్పు వాసన. అడుగేస్తే దుమ్ము లేస్తోంది. ఒక్క చుక్క తడి లేదు. ఫోన్లోంచి మాత్రం నీళ్ల చప్పుడు ఆగకుండా వస్తోంది.

"అక్కా... టార్చి వేసుకుని వస్తున్నావా?"

"అవున్రా."

"షట్టర్ కింద వెలుగు కనబడుతోంది."

ఎదురుగా పాత షాపు షట్టర్. విరగ్గొట్టింది మళ్లీ అతుకువేసి దించేశారు. ఈ పక్క నేలంతా పొడి. ఆ పక్కనుంచి, ఇనుము మీద... టక్. టక్. టక్.

ఆ చప్పుడు ఫోన్లోంచి రాలేదు.

"తమ్ముడూ..." అంది ఆమె. అలా ఎప్పుడూ పిలవలేదు వాణ్ణి. "కొంచెం పక్కకి జరుగు. తీస్తున్నా."

రెండు చేతులూ కావాలి కాబట్టి ఫోన్ జేబులో పడేసుకుంది. కిందికి వంగి రేకు అంచు పట్టుకుని లాగింది. తుప్పు పట్టి కదల్లేదు. మళ్లీ లాగింది. గోళ్లు విరిగాయి. జేబులోంచి వాడేదో అరుస్తున్నాడు. ఒకటే మాట, మళ్లీ మళ్లీ. సంతోషం పట్టలేక అరుస్తున్నాడనుకుంది. "అయిపోయిందిరా, అయిపోయింది" అంటూ పళ్లు బిగించి, ఉన్న బలమంతా పెట్టి ఎత్తింది. షట్టర్ కిర్రుమని ఒక్కసారిగా పైకి లేచిపోయింది.

లోపల ఖాళీ. పొడిగా ఉన్న నేల. మూలన విరిగిన అల్మారా, సొరుగు లేని బల్ల.

జేబులోంచి ఫోన్ బయటికి తీసింది.

పెద్ద కాలువ గండి పడినట్టు నీళ్ల హోరు. ఆ హోరులో వాడి గొంతు.

"వద్దన్నాను కదక్కా... వద్దన్నాను... బయటే నిండా ఉన్నాయి... షట్టరే ఆపుతోంది... ఎందుకు తీశావ్..."

గొంతులో నీళ్లు పడిన చప్పుడు. ఒకసారి. రెండోసారి. తర్వాత బుడగల చప్పుడు. తర్వాత అదీ లేదు.

మూడో గడిలో పచ్చచుక్క ఆరిపోయింది.

ఆమె ఆ దుమ్ములో మోకాళ్ల మీద కూలబడింది. ఎనిమిది నెలలు వాడు అక్కడ నిలబడే ఉన్నాడు. ఆ మాట మీదే, కదలకుండా. తాను రాకపోయి ఉంటే ఇంకా నిలబడే ఉండేవాడు. ఆమె వాడి పేరు పెట్టి పిలిచింది, తల గడపకేసి కొట్టుకుంది, చేతులతో నేల తడిమింది. తడిమిన చోటల్లా పొడి మట్టే తగిలింది. ఎంతసేపు ఏడ్చిందో ఆమెకే తెలీదు.

"అక్కా..." ఫోన్లోంచి చాలా నెమ్మదిగా వినబడింది. పిడుగు ఇంకా జట్టులోనే ఉంది. "అక్కా, ఎక్కడున్నారు మీరు?"

"పోయాడమ్మా. నేనే... నా చేతులతో నేనే..."

"అక్కా, ముందు అక్కణ్ణుంచి బయటికి రండి."

"ఎందుకు?"

"మీ మైకులోంచి నీళ్ల చప్పుడు వస్తోంది."

అక్క టార్చి నేల మీదికి తిప్పింది. దుమ్ము. దుమ్ములో తన మోకాళ్ల గుర్తులు, తన చేతుల గుర్తులు. అంతే. ఊపిరి బిగబట్టి విన్నది. ఏ చప్పుడూ లేదు.

"ఇక్కడ నీళ్లు లేవమ్మా" అంది. "అంతా పొడిగానే ఉంది."

పిడుగు ఏడుస్తోంది.

"మొదటి రోజు అతను కూడా అదే అన్నాడక్కా."