ఎనభై తొమ్మిదో నీడ

2087 నాటికి కాకినాడలో అనువాదాలు చదివేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. మిగతా అందరి నుదుటికీ మూలపట్టీ ఉండేది. రష్యన్ నవలైనా, కొరియా వంటల పుస్తకమైనా, పట్టీ పెట్టుకుని పేజీ మీద చూపు నిలిపితే చాలు, రాసినవాడి ఉద్దేశం నేరుగా బుర్రలోకి దిగిపోయేది. బస్సులో కూర్చుని జపాను కవిత్వానికి కళ్లు తుడుచుకునే గుమాస్తాలు ఆ ఊళ్లో మామూలు దృశ్యం.

ఆ పట్టీని కనిపెట్టింది డాక్టర్ వకుళ. ఆవిడ భర్త భావన్నారాయణ అనువాదకుడు. అంటే, పట్టీ రాకముందు అనువాదకుడు. ఆ సంసారంలో భోజనాల దగ్గర వాదనలు ఎలా ఉండేవో మీరే ఊహించుకోండి.

పట్టీ పనిచేసే తీరు చెప్పడానికి తేలికే. ఒకే పుస్తకాన్ని పదిమంది అనువదిస్తే పదిమందీ తమ నీడని దాని మీద పడేస్తారు. తొందర మనిషి వాక్యాన్ని తొందరపెడతాడు. భక్తుడు దానికి దేవుణ్ణి తగిలిస్తాడు. ఆ నీడలకి వకుళ అనువాదక ఛాయ అని పేరు పెట్టింది. తేట అనే యంత్రం అన్ని అనువాదాల్నీ పక్కపక్కన పెట్టి, ఎవరి నీడ ఎంతో కొలిచి, తీసేస్తుంది. మిగిలిన అర్థాన్ని నాడీ స్పందనగా, అంటే న్యూరల్ సిగ్నల్‌గా మార్చి పాఠకుడికి అందిస్తుంది.

నవలలకీ వంటలకీ అనుమతి వచ్చేసింది. తత్వ గ్రంథాలకి మాత్రం రాలేదు. అక్కడ అర్థం తేడా వస్తే తలలు పగులుతాయని ప్రభుత్వానికి భయం. తత్వపట్టీ మీద వకుళ పదకొండేళ్లు పనిచేసింది. పరీక్షకి ఆవిడ ఎంచుకున్నది ప్రాచీన చైనా తావో గ్రంథం, ఎనభై ఎనిమిది ఇంగ్లీషు అనువాదాల్లో.

మూలమే చదవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఆ మూలం రెండు వేల ఏళ్లు దాటినది, చాలా పొట్టిది, దాని మీద చైనా పండితులే ఇప్పటికీ జుట్లు పట్టుకుంటున్నారు. పైగా తేటకి పోల్చి చూసుకోవడానికి సాక్షులు, అంటే అనువాదాలు, కావాలి. ఇంగ్లీషులో దొరికినంతమంది సాక్షులు వకుళకి మరో భాషలో దొరకలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. వకుళ, భావన్న మొదటిసారి కలిసింది కాలేజీ లైబ్రరీలో, ఆ పుస్తకం దగ్గరే. ఇద్దరి చేతుల్లో రెండు వేర్వేరు ఇంగ్లీషు అనువాదాలు. అర్ధగంటలో పోట్లాడుకున్నారు, ఏడాదిలో పెళ్లి చేసుకున్నారు. అప్పటినుంచీ భావన్న దాన్ని తెలుగులోకి తెస్తూనే ఉన్నాడు. అన్ని వాక్యాలూ కుదిరాయిగానీ నీళ్ల గురించిన ఒక్క వాక్యం కుదరలేదు. ఒక ఇంగ్లీషాయన నీళ్లు లొంగుతాయన్నాడు, ఒకావిడ ఓపికపడతాయంది, ఇంకొకాయన గెలుస్తాయన్నాడు. భావన్న ఒక్కో ప్రయత్నాన్నీ చీటీ మీద రాసి ఊరగాయ జాడీలో పడేసేవాడు. ఏడాది ఊరాక తీసి చూసి, మొహం చిట్లించి చింపేసేవాడు. ఇలా ఇరవై రెండేళ్లు గడిచాయి.

"ఆ వాక్యం మీకు నేను తెచ్చిస్తానండీ, చూస్తూ ఉండండి," అంది వకుళ ఒకరోజు.

"నువ్వు తెచ్చేశాక ఇంక నాకేం పనుంటుందే?" అని నవ్వాడాయన.

ఆ నవ్వు వకుళకి గుచ్చుకుంది. అయినా ఆగలేదు.

పరీక్షకి రెండు నెలల ముందు చిక్కొచ్చి పడింది. అన్ని నీడలూ తీసేసినా, ఏ ఇద్దరు చదివినా వాళ్ల నాడీ స్పందనని తెరమీద గీసే నాడీ రేఖలు కలవడంలేదు.

"తేటా, ఇంకా ఎక్కడ మిగిలిపోయింది నీడ?"

"ఎనభై ఎనిమిదీ తీసేశాను మేడమ్. మిగిలింది ఎనభై తొమ్మిదోది."

"ఎనభై తొమ్మిదో అనువాదం ఎక్కడిది?"

"పట్టీ పెట్టుకున్న మనిషిది. చదివేవాళ్లూ నీడ వేస్తున్నారు."

వకుళ కుర్చీలోంచి ఎగిరి లేచింది. ఇన్నేళ్లూ రాసేవాళ్లని అనుమానించిందేగానీ చదివేవాళ్ల జోలికి పోలేదు! ఆ రెండు నెలలూ ఆవిడకి తిండి ధ్యాస లేదు. చివరికి పాఠక ఛాయని కూడా తొమ్మిది సెకన్లపాటు తీసిపెట్టే ఉపాయం దొరికింది.

పరీక్ష రోజు ఉదయం సభాభవనం కిక్కిరిసిపోయింది. నియమాలు రాసింది వకుళే. ఇద్దరు పాఠకులు వేర్వేరు గదుల్లో ఆ నీళ్ల వాక్యాన్ని చదవాలి. చూసిన అర్థాన్ని చెరొక తెలుగు వాక్యంలో రాయాలి. ఆపైన ఒకరి వాక్యం కింద ఇంకొకరు, "నేను చూసింది ఇదే" అని సంతకం చేయాలి. ఒకే అర్థం చూసినవాళ్లు సంతకానికి ఎందుకు వెనకాడతారన్నది ఆవిడ ఇంజనీరు బుద్ధి. సంతకాలు పడితే అనుమతి, లేకపోతే తత్వ విభాగం మూసివేత. రెండో అవకాశం లేదు.

పాఠకుల్ని ఎంపిక చేసింది పట్టీలకి అనుమతులిచ్చే ప్రమాణ సంఘం అధ్యక్షురాలు రిజ్వానా బేగం. "ఒకరు మీరే ఉండండి డాక్టర్ గారూ. రెండోవారు మీ ఆయన. పట్టీ మీద కోపం ఉన్న ఆయనే ఒప్పుకుంటే ఇంక ఊరంతా ఒప్పుకున్నట్టే కదండీ," అంది.

వకుళ గదిలోకి వెళ్లి పట్టీ పెట్టుకుని, ఆ వాక్యం మీద చూపు నిలిపింది. తొమ్మిది సెకన్లపాటు వకుళ లేదు. నీళ్లున్నాయి.

"ఇంతేనా! ఓరి నాయనో, ఇంత తేలికా!" అని అరుస్తూ బయటికి పరిగెత్తుకొచ్చింది. అవతలి గదిలోంచి భావన్న కూడా చిన్నపిల్లాడిలా నవ్వుకుంటూ వస్తున్నాడు. తెరమీద ఇద్దరి నాడీ రేఖలూ ఒకదానిమీద ఒకటి పడి, ఒక్కటే గీతగా నిలిచాయి. పదకొండో దశాంశం దాకా తేడా లేదని తేట ప్రకటించింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వకుళకి ఆనందంతో కళ్లు నిండిపోయాయి.

ఇద్దరూ గబగబా రాసి కాగితాలు మార్చుకున్నారు.

వకుళ ఇలా రాసింది: నీరు దారి వెతుక్కోదు, నీరు పోయిందే దారి.

భావన్న ఇలా రాశాడు: నీరు ఎవరినీ దాటిపోవాలనుకోదు, అందుకే ఎక్కడా ఆగిపోదు.

"ఇదేంటే? దారి ఎక్కడ కనిపించింది నీకు?" అన్నాడు భావన్న.

"మరి మీకు దాటడం ఎక్కడ కనిపించిందండీ? నీళ్లకి అనుకోవడాలూ, దాటడాలూ ఏంటి?"

"మీరిద్దరూ చూసింది ఒక్కటే," అంది తేట.

"తెలుసు!" అని ఇద్దరూ ఒకేసారి కసిరారు. "చూసింది ఒక్కటేనే తేటా. ఈయన రాసింది మాత్రం అది కాదు," అంది వకుళ.

రిజ్వానా కలం ముందుకు తోసి గొంతు తగ్గించింది. "ఒక్క సంతకమండీ. పదకొండేళ్ల పని మీది. పెట్టేయండి."

వకుళ కలాన్ని ఆయన వాక్యం కిందకి తీసుకెళ్లింది. చెయ్యి కదల్లేదు. భావన్నకీ తెలుసు, తను సంతకం పెట్టకపోతే భార్య విభాగం పోతుందని. ఆయన ఆవిడ వాక్యాన్ని మళ్లీ చదివాడు, పెదవి కొరుక్కున్నాడు, కలం పక్కన పెట్టేశాడు.

"అంత అందమైనదాన్ని చూసొచ్చి, దీని కింద నా పేరు పెట్టలేనే వకుళా. ఏమీ అనుకోకు."

"నేనూ పెట్టలేనండీ," అంది వకుళ.

రిజ్వానాకి ఒళ్లు మండింది. అంతగా ఏముందో చూద్దామని పట్టీ తనే తగిలించుకుంది. తొమ్మిది సెకన్లకి వెలిగిపోతున్న మొహంతో లేచి, రెండు కాగితాలూ చూసి, "రెండూ తప్పేనండీ!" అంటూ కలం లాక్కుంది. ఆ తర్వాత సంఘం సభ్యులు ఏడుగురూ చదివారు, వాళ్ల వెనక జనం బారులు తీరారు. సాయంత్రానికి నాలుగు వందల పన్నెండు మంది రేఖలు ఒకే గీతగా ఉన్నాయి. వాక్యాలు నాలుగు వందల పన్నెండు వచ్చాయి. పక్కవాడి వాక్యం కింద ఒక్కడంటే ఒక్కడు సంతకం పెట్టలేదు. భవనం మెట్ల మీద ముక్కూమొహం తెలియనివాళ్లు చొక్కాలు పట్టుకుని, "అలా కాదండీ బాబూ, ముందు నే చెప్పేది వినండి," అని అరుచుకుంటున్నారు.

నియమం నియమమే. అనుమతి నిరాకరిస్తున్నట్టు ఉత్తర్వు అచ్చయి వకుళ చేతికొచ్చింది. ఆవిడకి దుఃఖం తన్నుకొచ్చింది. పదకొండేళ్లూ ఒక్క కాగితంతో పోయాయి. తర్వాత దాన్ని తిరగేసి, ఖాళీగా ఉన్న వైపు కొత్త వాక్యం రాయడం మొదలుపెట్టింది.

"ఏవండీ, ఇది వినండి," అని చదివింది.

"కాదు," అన్నాడు భావన్న, కుర్చీ దగ్గరకి లాక్కుంటూ. "మళ్లీ చెప్పు."