ఎడమ దవడ

పొద్దున్నే అద్దం ముందు జడ వేసుకుంటున్న కూతుర్ని చూసి తండ్రి చూపు తిప్పుకున్నాడు. ఏళ్ళ తరబడి సెలూన్ నడుపుతున్న మనిషి. మొహాలు చదవడం ఆయనకు అన్నం తిన్నంత అలవాటు.

"నాన్నా, ఇవాళ నాతో దంతాల ఆసుపత్రికి రా."

"పన్నేగా! ఉప్పునీళ్ళు పుక్కిలించు, అదే సర్దుకుంటుంది."

"నొప్పే లేదు. ఎడమ దవడ మాత్రం ఉబ్బుతూనే ఉంది. నిన్న బళ్ళో ఓ పిల్ల, 'టీచర్, బుగ్గలో చాక్లెట్ దాచుకున్నారా?' అని అడిగింది. క్లాసంతా నవ్వారు. నేనూ నవ్వాను."

తండ్రి ఆమె మొహంకేసి చూడకుండా చొక్కా గుండీలు పెట్టుకోసాగాడు. అది చూసి ఆమెకు అనుమానం వచ్చింది.

"నీకు ముందే తెలుసు కదూ?"

"నిరుడే చూశాను."

"తెలిసీ నోరు మెదపలేదా? రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తిన్నావే!"

"మీ మేనత్తకి ఇలాగే మొదలైంది తల్లీ. ఆసుపత్రికెళ్తే ఆ మాయరోగం పేరు చెప్పారు. ఏడాది తిరక్కుండానే పోయింది. అసలా పేరు వినకపోతే..."

"వినకపోతే రాకుండా పోతుందా?" అంటూ ఆమె విసురుగా బయటికి నడిచింది. చెప్పులు వేసుకుని ఆయనా వెనకే వెళ్ళాడు.

ఆసుపత్రిలో స్కాన్ తీశారు. దవడ ఎముక నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాట వినపడలేదు.

"క్యాన్సర్ కాదు," అన్నారు డాక్టరమ్మ. "గట్టి ఎముక ఉండాల్సిన చోట నారలాంటిది పెరిగింది. ఫైబ్రస్ డిస్‌ప్లేసియా అంటాం. ప్రాణానికేం భయం లేదు."

తండ్రి కుర్చీలోనే భోరుమన్నాడు. కూతురి కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి.

"వాపు తగ్గుతుందా డాక్టర్?"

"దానంతటది తగ్గదమ్మా. చాలామందికి పెరగడం మెల్లగా ఆగిపోతుంది. ఆగాక, కావాలంటే కొంత చెక్కి సరిచేయొచ్చు. అప్పటిదాకా కనిపెట్టి చూడాలి."

వరండాలోకి రాగానే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "గండం గడిచింది తల్లీ! ఇంకేం కావాలి?"

"నీ గండం గడిచింది నాన్నా. రేపు ఈ మొహంతోనే నేను బడికెళ్ళాలి." ఆమె బెంచీ మీద కూలబడింది. "ఇన్నాళ్ళూ చచ్చిపోతానేమోనని ఒక్కదాన్నే వణికాను. పక్క గదిలో నువ్వూ అదే భయంతో ఉన్నావన్నమాట. ఒక్క మాట అనుంటే, ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం కదా!"

ఆయన మొహంలో నవ్వు చెదిరిపోయింది. భయాన్ని తనలోనే దాచుకుని బిడ్డను కాపాడుతున్నాననుకున్నాడు. ఒంటరిని చేశానని ఇప్పుడే తెలిసింది.

"తప్పయిపోయిందమ్మా," అంటూ పక్కన కూర్చున్నాడు.

అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఆయన ఊరుకోమనలేదు.