ఆఖరి చాప

“ఆ ముగ్గుర్నీ గుమ్మం దగ్గర ఎందుకు కూర్చోబెట్టారు గురూజీ? జల్లు కొట్టి తడిసి ముద్దవుతున్నారు!”

పక్క తరగతికి కొత్తగా వచ్చిన పంతులమ్మ ప్రాజక్త బాయి నోట మొదటి రోజు మొదటి మాట అది. హేమంత్ గురూజీ చేతిలోని సుద్దముక్క జారి కింద పడింది. ఆ కొంకణపు పల్లె బడిలో ఇంతవరకూ ఆయన్ని నిలదీసిన మొహం లేదు మరి!

“వాళ్ళు ‘ఢ’లు బాయీ,” అన్నాడు తేరుకుని. చదువు బుర్రకెక్కని పిల్లల్ని అక్కడ అలాగే పిలుస్తారు. “హుషారైనవాళ్ళు ముందు చాప, మామూలువాళ్ళు మధ్య చాప, వీళ్ళు ఆఖరి చాప. మా నాన్నగారు నానా కూడా పంతులే, జీవితమంతా ఇలాగే చెప్పారు. కొందరి బుర్రలు అంతే. మనమేం చేస్తాం?”

ప్రాజక్త కళ్ళు పెద్దవి చేసింది. “నిజంగా నమ్ముతున్నారా ఈ మాట?”

“ఇందులో నమ్మకపోవడానికేముంది?”

“అందుకేనన్నమాట, ఆఖరి చాపని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు! మన గదుల మధ్య ఉన్నది సగం గోడే, పొద్దుటి నుంచీ వింటున్నాను.”

“మీరు పాఠం చెప్పడానికొచ్చారా, నా పాఠం వినడానికొచ్చారా?”

“మీవాళ్ళ ఎక్కాల కేకలకి నా పాఠం నాకే వినపడి చావట్లేదండీ!”

హేమంత్‌కి ఒళ్ళు మండిపోయింది. అయితే ఆ మండే ఒంటితోనే, ఆమె గొడుగు విప్పుకుని వెళ్తుంటే గుమ్మంలో నిలబడి చూశాడు. అదేం చోద్యమో ఆయనకే తెలియలేదు.

శ్రావణంలో ఆయన గది పెంకులు జారాయి. రెండు తరగతులూ ఒకే గదిలో సర్దుకోవాల్సి వచ్చింది. ఆమె గదిలో పిల్లలు గులకరాళ్ళు పోసుకుని, గుండ్రంగా కూర్చుని, లెక్క మీద పోట్లాడుకుంటున్నారు.

“ఇది బడా, చేపల బజారా బాయీ?”

“చేపల బజారులో లెక్క తప్పినవాళ్ళని ఎప్పుడైనా చూశారా గురూజీ?”

అంతలో ఆఖరి చాప సుగంధ, ఏనాడూ నోరు విప్పని పిల్ల, గులకరాళ్ళు పేర్చి భాగహారం చేసి చూపించింది. హేమంత్ కళ్ళు తేలేశాడు. ‘ఏదో అదృష్టం కొద్దీ వచ్చి ఉంటుంది’ అని సర్దిచెప్పుకున్నాడు. పెంకులు నేయించాక మళ్ళీ తన గదిలో చాపలు పాత వరుసలోనే పరిచాడు.

మనసు మాత్రం వరుస తప్పింది. ఒక సాయంత్రం ఒకే గొడుగు కింద వాగు దాటుతూ అడిగేశాడు. “మా నానాని మీ ఇంటికి తీసుకురానా?”

ప్రాజక్త చెంపలు ఎరుపెక్కాయి. “పెళ్ళిచూపుల అటుకులు, కాందా పోహే తినడానికేగా! తీసుకురండి. ఉల్లిపాయలు నేనే కోస్తాను. కళ్ళనీళ్ళు వస్తే మాత్రం మీదే పూచీ.”

ఆదివారం పెళ్ళిచూపులు. పోహే పళ్ళెం పట్టుకుని గదిలోకి వచ్చిన ప్రాజక్త, నానాని చూడగానే కొయ్యబారిపోయింది.

రిటైరయినా నానాకి అలవాటు పోలేదు. ఏ పిల్ల కనపడినా ఒకటే ప్రశ్న. పెళ్ళికూతురినీ వదల్లేదు. “ఇరవై తొమ్మిదో ఎక్కంలో ఏడోది చెప్పమ్మా, చూద్దాం!”

అందరూ నవ్వారు. ప్రాజక్త నవ్వలేదు.

“ఏడు ముప్పైలు రెండువందల పది. అందులోంచి ఏడు తీసేస్తే రెండువందల మూడు...”

“లెక్క కట్టి చెప్తున్నావేమ్మా? కంఠతా రాదూ?”

“రాదు గురూజీ. అందుకేగా నన్ను ఆఖరి చాప మీద కూర్చోబెట్టారు.”

హేమంత్ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

“రెండో తరగతి. మీరు అప్పట్లో పనిచేసిన బడిలోనే. నా పేరు మీకు గుర్తుండదు, ఎప్పుడూ పిలవలేదుగా. ‘ఏయ్ ఢ’ అనేవారు.”

“నాతో ఒక్కసారైనా చెప్పలేదేమే!” ప్రాజక్త వాళ్ళమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

ప్రాజక్త హేమంత్ వైపు తిరిగింది. “మీరంటే నాకిష్టం. అబద్ధమెందుకు? కానీ రేపు మనకో పాప పుట్టి, దానికి ఎక్కం రాకపోతే, మీ ఇంట్లో అది ఏ చాప మీద కూర్చుంటుంది?”

హేమంత్‌కి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. నానా పళ్ళెం కింద పెట్టి, కండువా సర్దుకుని, లేచి వెళ్ళిపోయారు.

సోమవారం హోరున వాన. పక్క గదిలో ఎక్కాల కేకలు లేవు. హేమంత్ బదిలీ పెట్టుకుని వెళ్ళిపోయాడా ఏమిటి? ప్రాజక్త సగం గోడ మీంచి తొంగిచూసింది.

చాపలన్నీ ఒకచోటికి చేరాయి. మధ్యలో హేమంత్ గొంతుక్కూర్చున్నాడు. సుగంధ ఆయన చేతిలోంచి గులకరాళ్ళు లాక్కుంటోంది. “అలా కాదు గురూజీ, ఇలా!”

గుమ్మం దగ్గర ఒక్క చాప మిగిలింది. దాని మీద నానా. ధోవతి తడిసిపోయింది.

ప్రాజక్త పరుగున వచ్చింది. “అగబాయీ! లేవండి గురూజీ, జ్వరమొస్తుంది!”

“ఉండమ్మా.” ముసలాయన కళ్ళలో నీళ్ళు. “అన్నేళ్ళు చదువు చెప్పాను, ఒక్కసారీ ఆఖరి చాప మీద కూర్చుని చూడలేదు. ఇక్కడికి బోర్డు కనపడదు. మాట వినపడదు. వాన చప్పుడు తప్ప ఏమీ రాదు. బుర్రలు మొద్దువనుకున్నాను తల్లీ!”

ప్రాజక్త చెయ్యందించి లేవదీసింది. ఆయన ఆ చెయ్యి వదల్లేదు. “నీ పేరు చెప్పమ్మా.”

“ప్రాజక్త.”

“ప్రాజక్త,” అన్నారాయన, పాఠం అప్పజెప్పినట్టు. “మా ఇంటికి వస్తావా ప్రాజక్తా?”

ఆమె హేమంత్‌ని చూసింది. ఆయన రాళ్ళు పట్టుకుని బిక్కమొహం వేశాడు. “ఈ పద్ధతి నాకింకా రాదు బాయీ. బోలెడు తప్పులు చేస్తాను.”

“చెయ్యండి,” కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది ప్రాజక్త. “నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను.”