పదకొండో అంతస్తు అద్దం

ఆ ఆఫీసు మేడలో పదకొండో అంతస్తు పేరెత్తితే చాలు, పనిమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. రాత్రిపూట అక్కడ ఎవరో బయటినుంచి అద్దం కొడతారట. బయటంటే... వరండా కాదు, మెట్లు కాదు. పదకొండు అంతస్తుల ఎత్తున ఉత్త గాలి.

తాడుకి వేలాడుతూ బయటి అద్దాలు తుడిచే మనిషొకడు మూడేళ్ళ కిందట అక్కణ్ణుంచే పడి చచ్చిపోయాడు. చలి మొదలయ్యే రోజులవి. అప్పట్నుంచి ఏటా సరిగ్గా ఆ రోజుల్లోనే చప్పుడు మొదలవుతుంది — కొన్ని వారాలుండి ఆగిపోతుంది. లోపలికి రానివ్వమని కొడుతున్నాడని చెప్పుకునేవాళ్ళు. రాత్రి డ్యూటీ ఆడవాళ్ళు ఇద్దరు ఆ అంతస్తు మాకొద్దు బాబోయ్ అని పనే మానేశారు.

మూడో ఆమె మాత్రం తనే అడిగి మరీ వేయించుకుంది. ఎందుకో సూపర్‌వైజర్‌కి అర్థం కాలేదు. గేటు దగ్గరి వాచ్‌మన్‌కి తెలుసు. ఈ సంగతంతా తరవాత అందరికీ చెప్పింది కూడా అతనే. ఆమె ఆ పడిపోయిన మనిషి భార్య.

పంపించింది అత్తగారు. ఆవిడకి చూపు సరిగా ఆనదు, చెవులు మాత్రం పాము చెవులు. ఊళ్ళో వాళ్ళు అనుకునేది ఎలాగో ఆ చెవిన పడింది.

"వాడు పలకరిస్తుంటే జడుసుకుని పారిపోయేవాళ్ళే గానీ బదులిచ్చేవాళ్ళు లేరటే. నువ్వెళ్ళు" అంది.

ఆమె వెళ్ళింది. నాలుగు రాత్రులు ఏమీ లేదు. గదులు తుడవడం, చెత్తబుట్టలు ఖాళీ చేయడం, బకెట్లో నీళ్ళు మార్చుకోవడం. వచ్చినవాళ్ళు కూర్చునే హాల్లో గోడంత టీవీ ఒకటి ఎవరికోసమో రాత్రంతా నడుస్తూనే ఉండేది. దాని జోలికి వెళ్ళొద్దని ముందే చెప్పారు.

ఐదో రాత్రి... టప్.

ఆమె చేతిలో మాప్ కర్ర ఆగిపోయింది. మెల్లగా అద్దం దగ్గరికి నడిచింది. అద్దంలో తన మొహం, వెనక దీపాలు — అంతే. అవతలంతా చీకటి. అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది.

"నువ్వేనా?"

కాస్త ఎడంగా మళ్ళీ... టప్.

ఆమె అద్దానికి చేరగిలబడి గుసగుసగా చెప్పింది. "అత్తయ్య బాగానే ఉంది. పాపకి ముందు పళ్ళు రెండూ ఊడాయి. నీ చొక్కాలు ఎవరికీ ఇవ్వలేదు..."

ఆ తరవాత రోజూ అదే వరస. ఒక్కో రాత్రి రెండు చప్పుళ్ళు, ఒక్కో రాత్రి నాలుగు. తెల్లారి ఇంటికెళ్ళి అత్తగారికి పూసగుచ్చినట్టు చెప్పాలి. ఎన్నిసార్లు కొట్టాడు, గట్టిగానా, మెల్లగానా... ఆవిడ విని, మళ్ళీ మొదట్నుంచీ చెప్పించుకునేది.

రెండు వారాల తరవాత ఒకనాడు ఆకాశమంతా మబ్బు కమ్మింది. ఆ రాత్రి చప్పుళ్ళు ఆగలేదు. ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి, మూల మీద రెండు, నెత్తిన ఇంకొకటి...

మొదటిసారి ఆమెకి భయం వేసింది. ఒక్క మనిషి ఇన్ని చోట్ల ఎలా కొడతాడు?

అద్దం వైపు చూడలేక హాల్లోకి వచ్చి, సోఫా అంచున కూర్చుని టీవీకి కళ్ళప్పగించింది. అందులో పిట్టలు. వేలకు వేలు — కింద సముద్రం, పైన నల్లటి ఆకాశం. ఎవరో నెమ్మదైన గొంతుతో చెబుతున్నారు.

"గుప్పెట్లో ఇమిడిపోయే ఈ పిట్టలు చలికి ముందే బయల్దేరతాయి. రాత్రుళ్ళే ఎగురుతాయి. చుక్కలే వీటికి దారి. మబ్బు పట్టిన రాత్రి చుక్కలు కనబడక కిందికి దిగుతాయి. అప్పుడు గనక వెలుగుతున్న మేడలు ఎదురైతే..."

టీవీలో ఒక అద్దాల మేడ కనిపించింది.

టప్... అది టీవీలోది.

టప్... అది తన వెనకది.

ఆమె లేచింది. అద్దానికి మొహం ఆనించి, వెలుగు పడకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకుని చూసింది. అవతల జిడ్డు మరక. మరకకి అంటుకుని వణుకుతున్న సన్నటి ఈక. కిందనున్న అంచు మీద పసుప్పచ్చ రొమ్ము పిట్ట ఒకటి వెల్లకిలా పడి నోరు తెరుస్తోంది. చెయ్యి చాపితే అందేంత దూరం. కానీ ఆ అద్దాలు తెరుచుకునేవి కావు.

పిట్ట కాస్త కదిలి, అంచు మీంచి జారిపోయింది.

ఆమె గోడలన్నీ తడిమింది. ఎక్కడా స్విచ్ లేదు. పరుగున ఫోన్ దగ్గరికి వెళ్ళి వాచ్‌మన్‌కి చేసింది.

"అన్నా... దీపాలు ఆర్పు. పిట్టలు చచ్చిపోతున్నాయి."

"నా చేతిలో ఏముందమ్మా. అవి పొద్దున ఆరింటికి వాటంతట అవే ఆరతాయి."

అయినా అతను సూపర్‌వైజర్‌ని నిద్ర లేపాడు. పిట్టల కోసం నిద్ర చెడగొడతావా అని ఆయన ఫోన్ పెట్టేశాడు. కంట్రోల్ రూమ్‌కి చేస్తే మోగి మోగి ఆగిపోయింది.

పైన ఆమె తడిగుడ్డ పట్టుకుని అద్దం వెంబడి అటూ ఇటూ పరిగెత్తింది. గుడ్డ ఊపుతూ, "రాకండి... ఇటు రాకండి..." అంది. అవి వస్తూనే ఉన్నాయి. ఆరు దాకా.

తెల్లవారాక ఆమె, వాచ్‌మన్ కలిసి మేడ చుట్టూ తిరిగి ఏరారు. కొన్ని ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ప్రాణం మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు గడప దగ్గర కూర్చుని ఉంది.

"రాత్రి ఏమన్నాడే?"

ఆమె చాలాసేపు చేతులు కడుక్కుంది. అబద్ధమే చెబుదామనుకుంది గానీ నోరు రాలేదు.

"అది ఆయన కాదత్తయ్యా. పిట్టలు. దీపాలు చూసి దారి తప్పి, అద్దానికి కొట్టుకుని పడిపోతున్నాయి."

ముసలావిడ అడిగింది. "ఎన్ని?"

"ముప్పై ఒకటి."

"దీపాలు ఆర్పమని చెప్పలేకపోయావా?"

"చెప్పానత్తయ్యా. వినిపించుకునేవాళ్ళు లేరు."

ఆవిడ తల ఊపింది. కోడలి తడి చెయ్యి వెతికి పట్టుకుంది.

"తాడు పోగులు లేస్తోందని వాడూ చెప్పాడే," అంది మెల్లగా. "నెల రోజుల పాటు చెప్పాడు."