తొమ్మిదో వరుస

"మన ఇన్‌ఫార్మర్లలో తొమ్మిది మంది గుట్టు బయటపడింది, ఎవరెవరో మనకి తెలీదు. విదేశీ ముఠా వాళ్లని సాయంత్రం నాలుగింటికి తొమ్మిది చోట్లా ఒకేసారి లేపేస్తుంది," అన్నాడు చీఫ్ రాజేంద్రప్రసాద్, పి.గన్నవరం అక్విడక్టు దగ్గర కారాపి. "వాళ్ల లిస్టు అమలాపురంలో ముఠా నడిపే ఓ కొబ్బరిపీచు ఎగుమతి ఆఫీసులో కోడ్‌లో ఉంది. డీకోడ్ చేసి అక్కడి కంప్యూటర్లోనే షీట్‌లో కొట్టు. నువ్వు సేవ్ చేసిందే మా తెరకి చేరుతుంది. వరుస వరుసకీ కంట్రోల్ ఎస్!"

"ఎస్, సార్," అన్నాడు ఏజెంట్ ఉదయభాస్కర్.

మూడింటికల్లా నెరిసిన విగ్గుతో, కంప్యూటర్ రిపేరువాడి వేషంలో లోపలికి వెళ్లాడు. ఫోన్ గేటు దగ్గరే తీసేసుకున్నారు. కళ్లజోడు అద్దంలో డీకోడర్ ఉంది. లోపల మన మనిషి శిరీష, ఆఫీసు మేనేజరు. ఆమె నవ్వితే ముఠా నాయకుడే తాళాలు చేతిలో పెడతాడని ప్రతీతి.

"ఎవరూ రారండీ. కానివ్వండి," అంది తలుపు వేస్తూ.

ఒక పేరు, కంట్రోల్ ఎస్. మరో పేరు, కంట్రోల్ ఎస్. ఎనిమిది పూర్తయ్యాయి. తొమ్మిదోది రెండుసార్లు చదివాడు. పేతురు, రాజోలు రేవు. తనతో జోడీగా పనిచేసినవాడు, ఒకే కంచంలో తిన్నవాడు. పేరు కొట్టాడు, ఇక కంట్రోల్ ఎస్ ఒక్కటే మిగిలింది.

"ఎండన పడి వచ్చేరు. పుచ్చుకోండి," శిరీష చెక్కిన బొండాం చాచింది.

ఇచ్చింది కాదనడం అతని ఇంటావంటా లేదు. బొండాం ఒంటిచేత్తో అందుకునేదీ కాదు. ఏడేళ్ల ట్రైనింగ్ ఏ మూలకీ రాలేదు. లేచి నిలబడి రెండు చేతులా అందుకున్నాడు.

శిరీష కాలితో ప్లగ్గు లాగేసింది. తెర నల్లబడింది.

"ఎంతవరకూ విప్పుతారో చూద్దామని ఆగేనండి," అంది పర్సులోంచి పిస్టల్ తీస్తూ. "పైఊరివాడైతే 'అక్కడ పెట్టండి' అనేవాడు. మన కోనసీమోళ్లకి ఆ మాట నోట రాదు కదండీ!"

ఎనిమిది పేర్లు అప్పటికే చేరిపోయాయని ఆమెకు తెలియదు. ఉదయభాస్కర్ బొండాం ఆమె మణికట్టుకేసి కొట్టాడు. పిస్టల్ ఎగిరిపడింది. వాకిట్లో ఇద్దరు వస్తాదుల్ని పడగొట్టి ఫోన్ లాక్కునేసరికి నాలుగు దాటి రెండు నిమిషాలైంది. పేతురు ఫోన్ మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

ఎనిమిది చోట్లా హంతకులు ఆఖరి సెకనులో కమాండోల చేతికి చిక్కారు. ముఠా మొత్తం కూలింది.

"శభాష్! తొమ్మిదికి ఎనిమిది," అన్నాడు చీఫ్. "మెడల్ ఖాయమయ్యా."

"ఆ లెక్క పేతురు వాళ్లమ్మకి మీరే చెప్పండి సార్," అన్నాడు ఉదయభాస్కర్. "ఆవిడకి ఒకటికి ఒకటీ పోయింది."